ఊళ్లో అమ్మానాన్నలకు దీర్ఘకాలిక జబ్బు.. గేదెను అమ్మేయమనే ముందు ఇవి చూడండి

ల్యాబ్ రిపోర్టు ఫొటో వాట్సాప్‌లో వస్తుంది. క్రియాటినిన్ పెరిగిందనో, షుగర్ మూడొందలు దాటిందనో, మోకాలి గుజ్జు అరిగిందనో ఉంటుంది. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్న మీరు వెంటనే ఫోన్ చేసి చెప్పే మాట దాదాపు ఒకటే: ‘ఇక చాలు, గేదెను అమ్మేసి ఇక్కడికి వచ్చేయండి’. అవతలి నుంచి ‘చూద్దాంలే’ అని జవాబు. ఆ ‘చూద్దాంలే’ వెనుక పెద్ద లెక్కే ఉంటుంది.

పాల కేంద్రం నుంచి పది, పదిహేను రోజులకోసారి వచ్చే బిల్లుతోనే మందుల షాపు బాకీ తీరుతుంది. మగ్గం నడిస్తేనే మాస్టర్ వీవర్ దగ్గర మాట చెల్లుతుంది. గేదె ఉంటేనే ఎవరో ఒకరు ‘చుక్క పాలు పోయమ్మా’ అంటూ గుమ్మంలోకి వస్తారు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు ఆ రాకపోకలు కూడా ఒక భద్రతే. ఇవన్నీ ఒక్కరోజులో తీసేస్తే వాళ్ల చేతిలో మిగిలేవి మందుల డబ్బా, టీవీ రిమోట్.

అలాగని అన్నీ యథాతథంగా సాగించడమూ కుదరదు. కొన్ని జబ్బుల్లో కొన్ని పనులు నిజంగానే ప్రమాదం. ఏ జబ్బులో ఏ పని మానాలి, ఏ పనిని మార్చుకోవచ్చు, ప్రభుత్వ సేవల్లో ఏది ఎక్కడ అక్కరకొస్తుంది, ఏది రాదు అన్నవి ఇక్కడ చూద్దాం. పాడి, మగ్గం ఉన్న ఇళ్లను దృష్టిలో పెట్టుకుని రాసిన వివరాలివి. మందుల మార్పులు మాత్రం డాక్టర్ చెప్పినట్లే.

‘గేదె పని’ అంటే ఒక్క పని కాదు

ముందుగా ఒక కాగితం తీసుకుని గేదె చుట్టూ రోజంతా జరిగే పనులు రాయండి. పేడ తీయడం, పాక కడగడం, గడ్డి కోయడం, మోయడం, మేత వేయడం, కుడితి కలపడం, నీళ్లు పెట్టడం, కడగడం, పాలు పితకడం, కేంద్రానికి పోయడం, ఎదకు వచ్చిందో లేదో గమనించడం. ఇందులో బలం కావాల్సినవి గడ్డి మోపు, పేడ తట్ట, నీళ్ల బకెట్. అనుభవం కావాల్సినవి పాలు పితకడం, ఎద గుర్తించడం, పశువు నలతగా ఉందని పసిగట్టడం. జబ్బు మొదట దెబ్బతీసేది బలాన్ని. అనుభవం ఎక్కడికీ పోదు. అందుకే బలం పనులను యంత్రానికో కూలికో అప్పగించి, అనుభవం పనులను వాళ్ల దగ్గరే ఉంచడం చాలా ఇళ్లలో కుదిరే దారి.

గడ్డి మోపు సంగతే తీసుకోండి. పొలం నుంచి తలమీద మోసుకురావడం బదులు పాక పక్కనే నాలుగైదు సెంట్లలో సూపర్ నేపియర్ వేస్తే మోసే దూరం తగ్గుతుంది. మోటారు చాఫ్ కట్టర్ ఉంటే ముక్కలు చేసిన మేత వృథా కాదు, తట్టల్లో కొంచెం కొంచెంగా వేయొచ్చు. పాకలో గచ్చు వెనక్కి వాలుగా, చివర కాలువతో ఉంటే వంగి పేడ ఎత్తాల్సిన పని సగమవుతుంది. మిగతాది పైపు నీళ్లు చూసుకుంటాయి. తట్ట స్థానంలో ఒంటిచక్రం తోపుడు బండి పెట్టినా నడుముకు తేడా తెలుస్తుంది. వీటిలో ఏదీ గొప్ప ఆవిష్కరణ కాదు. ఆరోగ్యం బాగున్నప్పుడు ‘ఎందుకులే ఖర్చు’ అనిపించినవే.

పితకడం దగ్గర మాత్రం ఒక చిక్కుంది. గేదె తెలిసిన చేతికే చేపుతుంది. ఇరవై ఏళ్లుగా అమ్మ చేతికి అలవాటుపడినది, అమ్మ ఆసుపత్రిలో ఉన్న రోజు కోడలు వెళ్లి కూర్చుంటే పాలు ఎగబెడుతుంది. పొదుగులో పాలు నిలిచిపోతే పొదుగువాపు ముప్పు. కాబట్టి రెండో చేతిని అవసరం పడకముందే అలవాటు చేయాలి. రెండు మూడు వారాల పాటు అమ్మ పక్కనే ఉండగా రెండో మనిషి మేత వేయడం, పొదుగు కడగడం, తర్వాత రెండు చన్నులు పితకడం.. ఇలా మెల్లగా. గొంతు, వాసన, చేతి ఒత్తిడి అన్నీ దానికి గుర్తే. ఈ ఒక్క ఏర్పాటు లేకపోవడంతోనే ఎన్నో ఇళ్లలో మంచి పాడి గేదె ఒక్క వారంలో అడ్డగోలు ధరకు పోతుంది.

డయాలసిస్ ఉంటే.. ఏ చేత్తో పలుపు పట్టుకుంటున్నారు?

పనిని అన్నిటికంటే ఎక్కువగా మార్చుకోవాల్సి వచ్చే జబ్బు ఇదే కాబట్టి కాస్త వివరంగా చూద్దాం.

రక్తశుద్ధి కోసం చేతిలో ధమనిని, సిరను కలిపి ‘ఫిస్టులా’ చేస్తారు. ఆ చెయ్యే వాళ్ల జీవనాధారం. ఆ చేతికి బీపీ కొలవకూడదు, రక్తం తీయకూడదు, బిగుతైన గాజులు వేయకూడదు అని ఆసుపత్రిలో చెబుతారు. పలుపు గురించి మాత్రం సాధారణంగా ఎవరూ చెప్పరు. గేదెను తోలుకొచ్చేటప్పుడు పలుపును ముంజేతికి రెండు చుట్లు చుట్టుకోవడం పల్లెల్లో అలవాటు. అది ఫిస్టులా చెయ్యి అయి, గేదె ఒక్కసారి గుంజితే చాలు, ఆ నాళం మూసుకుపోవచ్చు, చిట్లిపోవచ్చు. ఆ చేత్తో బకెట్, గడ్డి మోపు ఎత్తకూడదు. తలగడగా పెట్టుకుని పడుకోకూడదు. రోజూ ఉదయం రెండో చేతి వేళ్లతో తాకితే అక్కడ సన్నని అదురు తెలియాలి. అది తెలియకపోతే ఆ రోజే డయాలసిస్ కేంద్రానికి ఫోన్ చేయాలి. రక్తం కారితే గట్టిగా అదిమిపట్టి, చెయ్యి పైకెత్తి 108కు ఫోన్ చేయాలి.

మరి పాలు పితకొచ్చా? గుప్పిట మూసి తెరిచే కదలికకు భయపడక్కర్లేదు. ఫిస్టులా బలపడటానికి మెత్తని బంతిని నొక్కమని డాక్టర్లే చెబుతారు. భయమల్లా గేదె తన్నుతో, కొమ్ము విసురుతో. గాయం పూర్తిగా మానాక, సాధు గేదె అయితే, డాక్టర్‌ను అడిగి పితకొచ్చు. తన్నే గేదె అయితే ఆ గేదెను మార్చుకోవడమే మేలు.

తర్వాతది సమయం. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి దాదాపు నాలుగు గంటలు, దానికి తోడు రానూ పోనూ ప్రయాణం. పాలు తీసేది తెల్లవారుజామున, మళ్లీ సాయంత్రం. కేంద్రంలో షిఫ్టు ఇచ్చేటప్పుడే ‘ఉదయం పాలు పోశాక వస్తాను’ అని అడగమనండి. ఖాళీ ఉంటే సర్దుతారు, అడగకపోతే ఎవరికీ తెలియదు. డయాలసిస్ నుంచి వచ్చిన సాయంత్రం బీపీ పడిపోయి కళ్లు తిరగడం మామూలే. ఆ మూడు సాయంత్రాలూ రెండో చెయ్యే పితకాలి.

దాహం మూడోది. డయాలసిస్ ఉన్నవారు రోజుకు ఇన్ని నీళ్లే తాగాలని లెక్క ఉంటుంది. ఎండలో పశువుల వెంట తిరిగితే ఆ లెక్క తప్పుతుంది. బయటి పనులన్నీ ఎండెక్కకముందే ముగించాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో కిడ్నీ జబ్బు ఏళ్లుగా కుటుంబాలను కుంగదీస్తోంది. అదే సీమ కొబ్బరికి, జీడికి పేరు. దాహమేస్తే చెట్టు నుంచి బొండం దించుకోవడం అక్కడ అలవాటు. కానీ కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు పనిచేయనప్పుడు అది రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పొచ్చు. పరామర్శకు వచ్చే బంధువులు తెచ్చే బొండాలకూ ఇదే వర్తిస్తుంది. ఎలా వద్దనాలో తెలియక తాగేసేవాళ్లు ఉంటారు, ఆ మాట మీరు ముందే చెప్పిపెట్టండి. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రాన్ని 2023 డిసెంబరులో ప్రారంభించారు.

డయాలసిస్ కేంద్రం మరీ దూరమైతే ఇంట్లోనే కడుపులోకి ద్రవం ఎక్కించే పెరిటోనియల్ డయాలసిస్ ఉంది. జాతీయ డయాలసిస్ కార్యక్రమంలో దీన్ని 2019లో చేర్చారు. దీనికి శుభ్రమైన ప్రత్యేక గది తప్పనిసరి. పశువుల పాక గోడకు ఆనుకున్న గది పనికిరాదు. సంచి మార్చేటప్పుడు పిల్లి, కుక్క, కోడి గదిలోకి రాకూడదు. పాక పనికి వెళ్లొచ్చాక స్నానం చేసి, బట్టలు మార్చి, చేతులు సబ్బుతో కడిగాకే ట్యూబు ముట్టుకోవాలి.

కిడ్నీ మార్పిడి అయినవారి సంగతి వేరు. రోగనిరోధక శక్తిని అణిచే మందులు జీవితాంతం వాడతారు. పేడ తీయడం, ఈనేటప్పుడు దూడను లాగడం, మాయను చేత్తో ముట్టుకోవడం, కోళ్ల గూడు ఊడ్చడం, పచ్చిపాలు తాగడం ఇవేవీ వాళ్లు చేయకూడదు. ఈసుకుపోయిన గేదె నుంచి బ్రుసెల్లోసిస్ అనే జ్వరం ఆరోగ్యవంతులకే వస్తుంది. వీళ్ల విషయంలో ‘కొన్నాళ్లు పాడి వద్దు’ అని డాక్టర్ అంటే వాదించకండి.

షుగర్ ఉన్న కాలికి గిట్ట తగిలినా తెలియదు

షుగర్ పాతబడితే పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. ముల్లు దిగినా, గేదె తొక్కినా, వేడి కుడితి ఒలికినా నొప్పి ఉండదు. పాక నేల పేడతో, మూత్రంతో తడిగా ఉంటుంది. చిన్న గాయం అక్కడ పుండుగా మారడానికి ఎన్నాళ్లో పట్టదు. పల్లెల్లో షుగర్ ఉన్నవారు కాలో వేలో పోగొట్టుకున్న కథలు చాలావరకు ఇలా నొప్పి తెలియని చిన్న గాయంతోనే మొదలవుతాయి.

పాకలోకి వెళ్లేటప్పుడు ముందు మూసి ఉన్న రబ్బరు బూట్లు, లోపల మేజోళ్లు. బూట్లు వేసుకునే ముందు తలకిందులు చేసి దులపాలి. తేలో, రాయో ఉండొచ్చు. మిగతా వేళల్లో ఎంసీఆర్ చెప్పులు. ఇంట్లో, వాకిట్లో కూడా. రాత్రి పడుకునే ముందు కాళ్లు కడిగి, వేళ్ల సందుల్లో తుడిచి, లైటు వెలుగులో అరికాలు చూసుకోవాలి. వంగలేకపోతే నేలమీద అద్దం పెట్టుకుని చూడొచ్చు. కాళ్లకు వేడి కాపడం, ఆనెకాయలు బ్లేడుతో కోసుకోవడం వద్దు.

ఇన్సులిన్ వేసుకునేవారికి ఇంకో జాగ్రత్త. తెల్లవారుజామున లేచి సూది వేసుకుని పాకలోకి వెళ్తే, గేదె మొరాయించి గంట ఆలస్యమైనా, తినకముందే షుగర్ పడిపోతుంది. పాలు పోసి వచ్చి, టిఫిన్ ముందు పెట్టుకున్నాకే సూది వేసుకునేలా వేళ మార్చుకోవచ్చా అని డాక్టర్‌ను అడగండి. జేబులో బెల్లం ముక్కో, పంచదార పొట్లమో ఉండాలి. ఇంట్లో ఫ్రిజ్ లేకపోతే, కరెంటు పోతూ ఉంటే, పాత కుండ పద్ధతి పనికొస్తుంది. పెద్ద మట్టికుండలో తడి ఇసుక వేసి, అందులో చిన్న కుండ పెట్టి, సీసాను మూత ఉన్న పొడి డబ్బాలో ఉంచి ఆ చిన్న కుండలో పెట్టాలి. తెరిచిన సీసాను సాధారణంగా నాలుగు వారాల్లో వాడేయాలి. మూత మీద తెరిచిన తేదీ రాసిపెట్టమనండి.

ఆయాసం: పొయ్యి మానినా మిగిలే పొగ

ఆయాసం, సీఓపీడీ అనగానే అందరూ కట్టెల పొయ్యి గురించే చెబుతారు. ఉజ్వల కింద గ్యాస్ వచ్చిన ఇళ్లలోనూ కుడితికి, స్నానం నీళ్లకు పెరట్లో పిడకల పొయ్యి వెలుగుతూనే ఉంటుంది. సిలిండర్‌ను కుడితికి తగలేయడం ఎవరికీ మనసొప్పదు. స్నానం నీళ్లను హీటరుకు మార్చి, కుడితిని ఉడకబెట్టకుండా తవుడు, చిట్టు నానబెట్టి ఇస్తే పెరటి పొగ చాలావరకు తగ్గుతుంది.

పాకలో దోమలకు సాయంత్రం వేపాకు పొగ వేయడం ఇంకో సంగతి. గేదెకు హాయి, పక్కన నిలబడి విసిరే మనిషికి ముప్పు. పాక చుట్టూ దోమతెర కట్టడమో, ఒక ఫ్యాన్ పెట్టడమో మార్గం. వరిగడ్డి దులిపేటప్పుడు లేచే దుమ్ము, తడిసి బూజు పట్టిన గడ్డిలోని బూజు రేణువులు ఊపిరితిత్తులను వాచేలా చేస్తాయి. వాము నుంచి గడ్డి లాగే పని వేరేవారికి ఇవ్వాలి. తప్పనప్పుడు గాలి వీచే వైపు నిలబడి, ముక్కుకు ఎన్95 మాస్కు కట్టుకుని, వేసే ముందు గడ్డి మీద నీళ్లు చిలకరించాలి. వాము మీద కాదు, వేసే గడ్డి మీదే. ఉత్తరాంధ్రలో అడ్డపొగ తాగే పెద్దావిడ మీ ఇంట్లో ఉంటే ముందు ఆపించాల్సింది ఆ చుట్టను.

కీళ్లు, నడుము.. మగ్గం ముందు మనిషి

ఇక్కడ ఒక తల్లి భుజం నొప్పి గురించి చెప్పాలి. పోచంపల్లి తరహా ఇక్కత్ చీరకు దారాన్ని ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ చేత్తో దారం తిప్పుతూ ఉండాలి. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి అటూ ఇటూ తిరుగుతుంది. ఆ పని చేసి చేసి తల్లి లక్ష్మి భుజం, మోచెయ్యి పట్టేయడం చూసిన చింతకింది మల్లేశం ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రాన్ని పూర్తి చేశారు. దానికి తల్లి పేరే పెట్టారు. నాలుగు నుంచి ఆరు గంటల పని గంటన్నరకు దిగింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ తల్లి తన బాధ చెప్పినప్పుడు ఆ ఇంట్లో ‘మానేయ్’ అనే అవకాశం లేదు. పని మానితే కూడు లేదు. అందుకే పనిముట్టు మారింది.

నేత పనిలో మిగతా చోట్ల కూడా ఇలా మార్చుకోగలిగినవి ఉన్నాయి. గుంట మగ్గంలో దిగి కూర్చోవడం, లేవడం మోకాళ్లకు, నడుముకు కష్టం. స్టాండు మగ్గానికి మారితే బల్లమీద కూర్చుని నేయొచ్చు. జకార్డును కాలితో తొక్కి ఎత్తే బరువును చిన్న మోటారు తీసుకుంటుంది. కేంద్ర ప్రభుత్వ జాతీయ చేనేత అభివృద్ధి కార్యక్రమంలో ‘హథ్‌కర్ఘా సంవర్ధన్ సహాయత’ కింద మెరుగైన మగ్గాలు, జకార్డులు, పరికరాల ఖర్చులో 90 శాతం కేంద్రమే భరిస్తుంది. దీనికి నేతకారుల గుర్తింపు కార్డు కావాలి. జిల్లా చేనేత జౌళి శాఖ ఏడీ కార్యాలయంలో గానీ, హైదరాబాద్, విజయవాడల్లోని వీవర్స్ సర్వీస్ సెంటర్లలో గానీ అడగాలి. ఆన్‌లైన్‌లో వెతికి వదిలేయకండి. ఈ పథకం ఎక్కువగా సొసైటీల ద్వారా, క్లస్టర్ల ద్వారా నడుస్తుంది కాబట్టి మనిషి వెళ్లి అడిగితేనే పని కదులుతుంది.

కుమ్మరి, మేదర, వడ్రంగి పనులవారికి పీఎం విశ్వకర్మ ఉంది. 2023 సెప్టెంబరులో మొదలైన ఈ పథకంలో 18 వృత్తులున్నాయి. శిక్షణలో రోజుకు రూ.500, పనిముట్లకు రూ.15 వేల వోచర్ ఇస్తారు. చేత్తో తిప్పే సారె స్థానంలో కరెంటు సారె వస్తే భుజానికి పెద్ద ఊరట. కుటుంబంలో ఒక్కరికే ఇస్తారు. నేత పని ఈ జాబితాలో లేదు.

పాలు పితికే చేతికి కీళ్లవాతం ఉంటే బొటనవేలు మడిచి పట్టే అలవాటు మానాలి. ఆ పట్టు వేలి కీలుకు, గేదె చన్నుకు రెండిటికీ చేటు. నిండు గుప్పిటతో పితకాలి. గొంతుకూర్చుని పితికేవారికి పొట్టి పీట. నొప్పి పెరిగితే ఊళ్లో ఆర్ఎంపీ ఇచ్చే నొప్పి బిళ్లలను నెలల తరబడి మింగడం మాత్రం వద్దు. కీలు కోసం వేసుకున్న బిళ్ల కిడ్నీని తీసుకెళ్తుంది.

పశువు వైపు నుంచి అందే సేవలు

గేదెను నడిపించుకుని ఆసుపత్రికి తీసుకెళ్లే ఓపిక లేనప్పుడు 1962 నంబరు గుర్తుంచుకోండి. రెండు రాష్ట్రాల్లోనూ ఇది సంచార పశువైద్యశాల నంబరే. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో మొదలైంది. డాక్టర్, సహాయకుడు వాహనంలో ఇంటికే వస్తారు. చాలాచోట్ల పగటి వేళల్లోనే పనిచేస్తుంది కాబట్టి రాత్రి ఈతకు దీన్ని నమ్ముకుని కూర్చోకుండా మండల పశువైద్యుడి ఫోన్ నంబరు కూడా రాసిపెట్టుకోవాలి. ఎదకు వచ్చినప్పుడు సూది వేయడానికి గోపాలమిత్ర ఇంటికి వస్తారు. గాలికుంటు టీకా, పెయ్యదూడలకు నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసులో వేసే బ్రుసెల్లోసిస్ టీకా ఉచితం. ఇంట్లో జబ్బు మనిషి ఉన్నప్పుడు ఈ రెండోది తప్పించొద్దు.

బీమా కూడా. జాతీయ పశుసంపద మిషన్ కింద ప్రీమియంలో రైతు వాటాను 2024లో 15 శాతానికి తగ్గించారు. చెవికి 12 అంకెల ట్యాగు ఉండాలి. ట్యాగు ఊడిపోతే వెంటనే వేయించాలి, అది లేకపోతే క్లెయిము రాదు. పాక బాగుచేయించాలనుకుంటే, ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ నిధులతో 90 శాతం రాయితీపై గోకులాలు కట్టారు. 2025 జనవరిలో 12,500 గోకులాలను ఒకేసారి ప్రారంభించారు. మీ మండలంలో ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారా అని పశువైద్యశాలలో అడగండి. వాలు గచ్చు, కాలువ, లైటు అన్నీ అందులోనే కుదురుతాయి.

మనిషి వైపు నుంచి

ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద 2024 నుంచి డయాలసిస్ రోగులకు నెలకు రూ.10 వేలు, పక్షవాతంతో మంచానికే పరిమితమైనవారికి రూ.15 వేలు, దివ్యాంగులకు రూ.6 వేలు, వృద్ధులకు, 50 ఏళ్లు దాటిన నేతకారులకు రూ.4 వేలు. తెలంగాణలో డయాలసిస్ రోగులకు 2022 నుంచి పింఛను ఇస్తున్నారు. వాళ్లకూ, 50 దాటిన నేతకారులకూ నిర్ణయించిన మొత్తం రూ.2,016. దివ్యాంగులకు రూ.4,016. మొత్తాలు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు రోజున సచివాలయంలోనో, ఎంపీడీఓ ఆఫీసులోనో మరోసారి కనుక్కోవాలి.

అమ్మానాన్నలను నగరానికి తెచ్చేసుకునేవారు ఒక సంగతి గమనించాలి. ఏపీలో పింఛను ప్రతి నెలా ఇంటి దగ్గరే ఇస్తారు. ఒకటి రెండు నెలలు అందుకోకపోతే మూడో నెలలో కలిపి ఇస్తారు. వరుసగా మూడు నెలలూ లేకపోతే ఊరు విడిచి వెళ్లినట్టు లెక్కగట్టి ఆపేస్తారు. ‘ఆర్నెల్లు మా దగ్గర ఉండండి’ అనే ముందు ఇది లెక్కలోకి తీసుకోండి.

ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లోని ఎన్టీఆర్ వైద్య సేవ, 70 ఏళ్లు దాటినవారందరికీ ఆదాయంతో పనిలేకుండా రూ.5 లక్షల దాకా వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు.. ఇవన్నీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరినప్పటికి, డయాలసిస్ వంటివాటికి. నెలనెలా కొనే బీపీ, షుగర్ మాత్రలకు కాదు. ఆ మాత్రలు పీహెచ్‌సీలో, ఊళ్లోని ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్‌లో లేదా పల్లె దవాఖానలో ఉచితంగా ఇస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో 104 వాహనం ఊరికి వచ్చే రోజు ఏదో ఏఎన్ఎంను అడిగి రాసుకోండి. ఆ ఉదయం గేదె పనికి రెండో చెయ్యి ఉండాలి. లేకపోతే అమ్మ ఈ నెలా వెళ్లదు.

వికలాంగుల హక్కుల చట్టం-2016లో 21 రకాల వైకల్యాలున్నాయి. పార్కిన్సన్స్, సికిల్ సెల్, తలసీమియా అందులో ఉన్నాయి. కిడ్నీ జబ్బు, గుండె జబ్బు, సీఓపీడీ లేవు. ‘ఇంత జబ్బుతో ఉన్నా సర్టిఫికెట్ ఇవ్వలేదు’ అన్న మాటకు తరచూ కారణం ఇదే. 60 దాటిన తక్కువ ఆదాయం వారికి రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద చేతికర్ర, వాకర్, మోకాలి పట్టీ, నడుము బెల్టు, కమోడ్ కుర్చీ ఉచితంగా వస్తాయి. శిబిరాలు పెట్టినప్పుడే ఇస్తారు. పెద్దలకు సలహా కోసం 14567 ఉంది. డయాలసిస్‌కు బస్సులో వెళ్లే తల్లులకు తెలంగాణలో మహాలక్ష్మి, ఏపీలో 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి వల్ల టికెట్ ఖర్చు ఉండదు. తండ్రులకు ఆ వెసులుబాటు లేదు.

పథకాల్లో కనిపించని ఒక్క మనిషి

ఇన్ని సేవలు రాశాక కూడా ఒక ఖాళీ మిగులుతుంది. డయాలసిస్ రోజు సాయంత్రం గేదె పితికే మనిషిని పంపే పథకం ఏదీ లేదు. ఆ ఖాళీని ఇన్నాళ్లూ ఊరే పూడ్చింది. ‘ఈ పూట నువ్వు చూడు, రేపు నీ పొలానికి నేనొస్తా’ అనే బదులు సాయంతో. జబ్బు మనిషి తిరిగి సాయం చేయలేరు కాబట్టి అది ఎక్కువ కాలం నిలబడదు. నగరంలో ఉన్న మీరు నెలకు ఎంతో కొంత పంపుతూనే ఉంటారు. అందులో కొంత విడిగా, పక్కింటి మనిషికి నెల జీతంలా, పని పేరు చెప్పి ఇవ్వండి. మొహమాటం ఉండదు. లేదా ఆ సాయంత్రాల పాలు వాళ్లవే అనుకోవచ్చు. రెండు గేదెలుంటే ఒకదాన్ని సగం వాటాకు మేపుకోవడానికి ఇవ్వడం ఊళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే. ఎవరి ఖర్చు ఏది, దూడ ఎవరిది అన్నది ముందే నలుగురి ముందు మాట్లాడుకోవాలి.

అమ్మక తప్పని సందర్భాలూ ఉంటాయి. ఇంట్లో ఇద్దరికీ జబ్బే అయినప్పుడు, కళ్లు కనిపించనప్పుడు, తరచూ తూలి పడుతున్నప్పుడు, మార్పిడి ఆపరేషన్ జరిగిన తొలి ఏడాదిలో. అప్పుడు కూడా వట్టిపోయాక అమ్మితే సగం ధరే. ఈని, పాల మీద ఉన్నప్పుడు మంచి ధర వస్తుంది. ఆసుపత్రి ఖర్చు మీద పడిన వారంలో బేరం పెడితే దళారికి తెలిసిపోతుంది. వీలైతే ఆ నెల ఖర్చు మీరు సర్ది, గేదెను మంచి రోజుల్లో అమ్మనివ్వండి.

ఈసారి సెలవులకు ఊరెళ్లినప్పుడు ఒక ఉదయం ఐదింటికి లేచి పాకలోకి వెళ్లండి. పలుపు ఏ చేతికి చుట్టుకుంటున్నారో, కాళ్లకు ఏముందో, గడ్డి ఎక్కడి నుంచి మోస్తున్నారో కంటితో చూడండి. అడిగితే ‘బాగానే ఉంది’ అనే చెబుతారు. తర్వాత ఆధార్‌కు ఏ ఫోన్ నంబరు జతై ఉందో చూడండి. చాలా ఇళ్లలో అది మీ నంబరే. కార్డుకో, టెలీ వైద్యానికో ఓటీపీ అవసరమైన వేళ అది మీ ఫోన్‌కు వస్తుంది, మీరేమో మీటింగులో ఉంటారు. పక్కన అమ్మ, ముందు ఏఎన్ఎం, వెనక క్యూ. ఆ నంబరును మార్చడానికి అమ్మను వెంటబెట్టుకుని ఆధార్ కేంద్రానికి వెళ్తే ఒక పూట పని.